నీడను ఎడమకేసుకున్న మనిషి

దారి చెప్పేవాడికి దారి తెలిసి ఉండాలన్న నియమం ఎక్కడా లేదు. ఉంటే నేను ఆ కరపత్రం రాసి ఉండేవాణ్ణి కాదు. వీధి చివర మజ్జిగ అంగడికి కూడా మోపెడ్ మీద పోయే మనిషిని నేను. అలాంటివాణ్ణి, పట్నం చుట్టూ హాయిగా నడవదగిన దారులు ఇవీ అని నాలుగు పేజీలు రాశాను. చివర్లో "నడక ఆరోగ్యానికి మంచిది" అని కూడా చేర్చాను. మొత్తం మీద ఆ ఒక్క వాక్యమే నిజం. అదీ ఎవరో చెప్పగా విన్నదే.

ఇందులో నవ్వుకోదగిన భాగం ఇంతవరకే. మిగిలిందంతా ఒక గొర్రెల కాపరి గురించి. అతను పోయాడని తెలిసి ఏడాది దాటింది. పేరు రాయను. నా రాతవల్ల అతనికి జరిగిన మేలు ఇప్పటికే చాలినంత ఉంది.

నేను పనిచేసే లాడ్జి పుట్టపర్తిలో ఉంది. అవి తొంభైల చివరి రోజులు. ఆశ్రమానికి ఎక్కడెక్కడినుంచో జనం వచ్చేవారు. పొద్దున భజన, సాయంత్రం భజన, మధ్యలో బోలెడంత పగలు. ఆ పగటిని ఏం చేసుకోవాలో తెలియక నా బల్ల ముందు నిలబడి, "నది ఒడ్డున నడుస్తాం, ఎటు పోవాలి?" అని అడిగేవారు. మాది నది ఒడ్డు పట్నమే, కాదనను. కాకపోతే మా చిత్రావతికి నీళ్ళు చుట్టపుచూపుగా వస్తాయి. కాపురం చేసేది ఇసుకే.

లాడ్జి ఓనరు ఒకరోజు నన్ను పిలిచాడు. "ఏమప్పా, డిగ్రీ చదివి రిజిష్టర్లో పేర్లు రాసుకుంటా కూర్చుంటే ఎట్ల? గెస్టులు యాడికి పోవల్లని అడుగుతాండారు. యాడికన్నా పోయేట్ల రాయి. తిరిగొచ్చేట్ల గూడా రాయి, బిల్లు కట్టి ఖాళీ చేసి పోవల్ల గదా."

నేను కుర్చీలోంచి లేవకుండానే నాలుగు దారులు రాశాను. మొదటిది, లాడ్జి వెనక సందులోంచి నదిలోకి దిగి ఒడ్డు వెంబడి పోతే చల్లని చెట్లు, ప్రశాంతత. చెట్లు చిన్నప్పుడు చూసిన గుర్తు. ప్రశాంతత ఇప్పటికీ ఉంది. అది శ్మశానం. "సులభమైన దారి" అన్న నా మాటలో మాత్రం తప్పు పట్టడానికి లేదు. నలుగురు మోసుకుపోతే అంతకంటే సులభమైన ప్రయాణం ఏముంటుంది?

కరపత్రం అచ్చయి వచ్చిన మూడోరోజు మధ్యాహ్నం లాడ్జి గేటు ముందు ఒక గొర్రెల మంద వచ్చి ఆగింది. మంద నడుమ, చేతిలో నా కరపత్రంతో, ఎండకు కందిపోయిన ఇద్దరు తెల్లవాళ్ళు, మొగుడూ పెళ్ళామూ. వెనక ఒక పొడుగాటి ముసలాయన. కట్టెను భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, రెండు చేతులూ దానిమీదుగా వేలాడేసి ఉన్నాడు.

"ఈడ రైటరెవురప్పా?"

"నేనే," అన్నాను.

"ఈ రెండూ నీవేనా?"

తప్పిపోయిన జీవాలను అప్పగించే గొంతు అది. "కాష్ఠం కాడ నిలబడి ఫొటోలు తీసుకుంటాండ్రి. పీనుగోళ్ళు కొట్టేదానికి వస్తాంటే నా గొర్లలో కలిపి తోలుకొస్తి. ఆయమ్మ మంచిదే, చెప్పిన మాట ఇంటాది. ఈయప్పే రవంత పక్కకు పోతాంటాడు."

మావైపు రైటరంటే లెక్కలు రాసే గుమాస్తా. అయినా నన్ను రైటరని పిలిచిన మొదటి మనిషి అతనే. అతనికి చదవడం రాదు. నా రాతలకు తగిన పాఠకుడు దొరికాడని అప్పుడే అనుకుని ఉండాల్సింది.

ఆ ఆదివారం నుంచి మోపెడ్ మూలన పెట్టి అతని వెనక నడవడం మొదలుపెట్టాను. నల్లమాడ వైపు గుట్టల దాకా, నది వెంబడి. నేను అతన్ని మామా అనేవాణ్ణి, అతను నన్ను రైటరప్పా అనేవాడు. నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ గొర్రెల వైపే చూసేవాడు. నేను అడిగినదానికి జవాబు వాటికి చెప్పేవాడు, నేను పక్కనుంచి వినాలి.

"గుర్తు ఏం పెట్టుకోవాలి మామా, దారికి?" అని అడిగాను.

"నీడను ఎడమకేసుకోని పో."

పొద్దున ఉత్తరంగా పోతే నీడ ఎడమ పక్క. సాయంత్రం దక్షిణంగా తిరిగొస్తే అప్పుడూ ఎడమ పక్కే. ఇంత చక్కటి సంగతి నా డిగ్రీలో ఎక్కడా చెప్పలేదు.

"మరి మధ్యాహ్నమైతే?"

"మధ్యాన్నం యాడికి పోతావప్పా, బుద్ధుండేటోడివి. చెట్టు కింద పండుకో."

దారి పొడవునా చోట్లకు పేర్లుండేవి. మామ అలిగిన గుట్ట, కాలు బెణికిన బండ. అలిగిందెవరు, ఎందుకు అంటే, "నాకేం తెలుసు, మా నాయన అట్లంటాండె," అనేవాడు. ఎవరైనా రాయి మీద కూర్చోమంటే కూర్చునేవాడు కాదు. "కూర్చుంటే మళ్ళీ లేయల్ల గదా" అని కట్టె మీద గడ్డం ఆనించి నిలబడేవాడు. లాడ్జి దగ్గర టీ ఇప్పిస్తే గేటు బయటే తాగి, గ్లాసు కడిగి, ఆ కడిగిన నీళ్ళు కూడా పారబోయకుండా ఒక గొర్రెపిల్లకు పట్టేవాడు.

"ఎన్నుండాయి మామా నీ గొర్లు?" అని నేను ప్రతి ఆదివారం అడిగేవాణ్ణి.

"ఉండాల్సినన్ని ఉండాయి."

"లెక్కపెట్టవా?"

"లెక్కబెడితే తక్కువైతాయప్పా. మొగాలు సూసుకుంటా. ఒగ మొగం లేదంటే తెలీదా?"

ఆ నడకల్లోనే నాకు చెలిమ చూపించాడు. నది నడుమ ఇసుకలో తవ్విన గుంట, మనిషి నడుం లోతు, చుట్టూ కంప కప్పి ఉంటుంది. అక్కడ ఇసుక కింద బండ పళ్ళెంలా ఉందట. ఎంత ఎండాకాలమైనా ఆ పళ్ళెంలో నీళ్ళు నిలుస్తాయట. ఆ చోటు అతనికి వాళ్ళ నాయన చూపించాడు. నది ఎప్పుడైనా పారితే గుంట పూడిపోతుంది, మళ్ళీ తవ్వాలి. దానికొక పద్ధతుంది. ముందు గొర్రెలు తాగాలి, తర్వాత మనిషి. తాగినవాడు పోయేముందు దోసెడు ఇసుక తీసి బయటెయ్యాలి. దారిన పోయే ఎవరైనా తాగవచ్చు, కాని ఆ దోసెడు ఇసుక తీయకుండా పోకూడదు.

"గొర్లు ముందెందుకు మామా? నీళ్ళు మురికైతాయి గదా?"

"నోరు లేనివి గదప్పా. నోరుండేటోడు యాడన్నా అడుక్కోని తాగుతాడు."

నేను తాగి, దోసెడు ఇసుక తీశాను. నా జీవితంలో నేను చేసిన ప్రజోపయోగ కార్యాల్లో అదొకటి. రెండోది లేదు.

కరపత్రం రెండోసారి వేసేటప్పటికి దారులన్నీ నిజంగా నడిచినవే. గర్వంగా ఉండింది. ఓనరు చదివి పెదవి విరిచాడు. "ఉత్త ఇసక, గుట్ట, గొర్లు! దీనికెవురు పోతారప్పా? యాదన్నా మహిమ పెట్టు." నాకు వేరే బాధ ఉంది. నేను చెప్పిన దారినే పోయిన ఒకాయన చెలిమలో షాంపూతో తల రుద్దుకుని వచ్చాడు. జనం ఆ నీళ్ళను గౌరవించేలా ఏదైనా రాయాలనుకున్నాను. ఓనరు కోరికా, నా సదుద్దేశమూ కలిసి ఒక పేరాగ్రాఫు పుట్టింది. ఆ చెలిమను గంగమ్మ తల్లి తన వేలితో గీసిందనీ, ఏ కరువులోనూ ఎండదనీ, చెప్పులు విడిచి దిగాలనీ రాశాను. "చెలిమ దగ్గర చెలిమి" అని శీర్షిక పెట్టి రెండు రోజులు నాలో నేనే మురిసిపోయాను.

చెప్పులు విడిచారు. ముందు ఒకావిడ పసుపూ కుంకుమా వేసింది. తర్వాత ఎవరో ఊదొత్తులు గుచ్చారు. తర్వాత టెంకాయ కొట్టారు. టెంకాయ కొట్టే చోట టెంకాయలు అమ్మేవాడు ఉంటాడు. మా వీధిలో టెంకాయల అంగడి పెట్టుకున్నాయన నది నడుమ ఒక బల్ల వేశాడు. ఏడాది తిరక్కుండా ఒక కమిటీ ఏర్పడింది, ఆయనే అధ్యక్షుడు. కంప తీసేసి సిమెంటు వరలు దించారు. చుట్టూ బండలు పరిచి, ఇనుప కంచె వేసి, గేటుకు తాళం పెట్టారు. "పవిత్ర స్థలము, జంతువులకు ప్రవేశము లేదు" అని బోర్డు రాయించారు. బోర్డులో అక్షరదోషాలు లేవు. రాసిచ్చింది నేనే. ఎందుకో, దేనికో అడగకుండా రాసిచ్చాను.

ఆ తర్వాత వరుసగా వానలు మొహం చాటేసిన ఏళ్ళు వచ్చాయి. వేరుశనగ వేసిన చేలల్లో విత్తనం కూడా తిరిగి రాలేదు. బోర్లు దుమ్ము కక్కాయి. అట్లాంటి ఒక ఎండాకాలం మధ్యాహ్నం మంద మళ్ళీ లాడ్జి గేటు ముందు ఆగింది. మధ్యాహ్నం నడవకూడదన్న మనిషే వచ్చాడు. గొర్రెల నాలుకలు బయటికి వచ్చి ఉన్నాయి.

"రైటరప్పా, ఆ కాగితంలో ఏం రాసినావో సదువు."

చదివాను. గంగమ్మ, వేలు, మహిమ. చదువుతుంటే నా గొంతే నాకు అసహ్యంగా వినిపించింది.

"గంగమ్మ ఎప్పుడొచ్చిందప్పా ఆడికి? తవ్వింది నేను గదా. మా నాయన గదా."

"అట్ల రాస్తే జనం చెప్పులేసుకోని దిగరని రాసినా మామా. నీ మంచికే."

"చెప్పులిడిసినారు," అన్నాడు గొర్రెల వైపు తిరిగి. "వీటికి చెప్పులు లేకపోయినా రానీలేదు."

వేరేచోట తవ్వి చూడమన్నాను, ఏదో ఒకటి అనాలి గనక. మూడు చోట్ల తవ్వాడట. తడి ఇసుక వచ్చిందట, నీళ్ళు రాలేదట. అరచేతులు చూపించాడు. నేను చూడలేదు.

"అయ్యిందేదో అయ్యింది. అది కొట్టేయి."

"ఏది?"

"ఆ రాసింది. గీత గీసి కొట్టేయి, నా కండ్ల ముందర."

"ఇట్లాంటివి ఎన్నో అచ్చేసినారు మామా. ఒకదాంట్లో కొట్టేస్తే..."

"నువ్వు రాసినావు గదా, నువ్వే కొట్టేయి. రాసినోడు కొట్టేసినాక ఇంకేముంటాది?"

పట్టా కాగితాల్లో, రేషను కార్డుల్లో, ఒక్క గీతతో బతుకులు ఆగిపోవడం చూసినవాళ్ళకు గీత మీద ఉండే నమ్మకం అది. నేను ఒక కరపత్రం తీసి ఆ పేరాను అడ్డంగా కొట్టేశాను. కింద సంతకం కూడా పెట్టమన్నాడు. పెట్టాను. దాన్ని నాలుగు మడతలు పెట్టి తలపాగాలో దోపుకుని, గొర్రెలను నది వైపు తోలుకుంటూ పోయాడు. అంత బిరబిరా నడవడం నేనెప్పుడూ చూడలేదు.

గంట తిరక్కుండా అందరూ లాడ్జికి వచ్చారు. ముందు టెంకాయల అంగడాయన, చేతిలో ఆ కాగితం. వెనక గేటు బయట ముసలాయన, మంద. లోపల కౌంటరు దగ్గర మా ఓనరు నిలబడి ఉన్నాడు.

"ఇది చూడప్పా మీ గుమాస్తా చేసిన పని," అన్నాడు అధ్యక్షుడు ఓనరుతో. "రైటరు కొట్టేసినాడంట, తాళం తీయల్లంట. ఇది రైటరు రాసింది కాదు సామీ, అమ్మ రాయించింది. అమ్మ రాయించింది ఈయన కొట్టేస్తే కొట్టేసినట్లయితాదా?" తర్వాత నావైపు తిరిగాడు. "చెప్పప్పా. నువ్వేనా కొట్టేసింది?"

అవునంటే చాలు. ఆ ఒక్క మాట అన్నందుకు తాళం తెరుచుకుని ఉండేదని నేననుకోను. కాని అది అనవలసిన మాట. ఓనరు నన్నే చూస్తున్నాడు. గేటు బయట ముసలాయన కూడా నన్నే చూస్తున్నాడు.

"పెన్ను రాస్తాందో లేదో చూసుకుంటాంటే పడిందన్నా ఆ గీత," అన్నాను.

ఓనరు నవ్వాడు. అధ్యక్షుడు నవ్వాడు. చూపించే పని ముగిసిందన్నట్టు కాగితం ముసలాయన చేతికిచ్చేశాడు. మాటలు వెదుక్కుని, తిప్పి చెప్పుకుని బతికేవాణ్ణి కదా, నాకు ఆ అబద్ధం ఎంత సులువుగా దొరికిందో.

ఎప్పుడూ గొర్రెల వైపు చూస్తూ నాతో మాట్లాడే మనిషి, ఆ రోజు నా మొహంలోకి చూస్తూ గొర్రెలతో మాట్లాడాడు.

"పాండి. ఈడ మనోళ్ళెవురూ లేరు."

తర్వాత కొన్నాళ్ళకు బుక్కపట్నం రోడ్డు పక్కన కనిపించాడు. నేను మోపెడ్ ఆపాను. ఏం మాట్లాడాలో తెలియక, పాత అలవాటుకొద్దీ అడిగాను: "ఎన్నుండాయి మామా?"

"పదకొండు," అన్నాడు.

అతను నాకోసం ఆగలేదు. కట్టె భుజాల మీద లేదు. చేతిలో ఉంది, దానిమీద బరువు మోపి నడుస్తున్నాడు.

అతను పోయిన సంగతి అతని తమ్ముడి కూతురు చెప్పింది. ఆమెకూ గొర్రెలున్నాయి. మా లాడ్జి వంటింట్లో మిగిలే కూరగాయల తొక్కల కోసం వారానికోసారి వచ్చేది. "మా పెదనాయన పోయినాడు గదన్నా," అంది గోనెసంచి నింపుకుంటూ. "చిలమత్తూరు తట్టు, కూతురింట్లో. ఆ మిగిలినవి గూడా అమ్మేసి పోయినాడు ఆడికి. గొర్లు లేకుండా రెండు నెలలున్నాడంతే. పొద్దున లేస్తానే అరుగు దిగేది, నిలబడేది, యాడికి పోవల్లో తెలీక మళ్ళీ ఎక్కి కూర్చునేదంట."

కూర్చునేవాడంటేనే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"తలగుడ్డలో ఒగ కాగితం ఉండె. యాదో భూమి పత్రమని మా యక్క పెట్టెలో పెట్టింది. రైటరు సంతకం గూడా ఉండాది దాంట్లో. నువ్వొకసారి సూసి చెప్పల్లన్నా."

చూస్తానన్నాను. పోలేదు.

ఆ ఏడే ఓనరు కరపత్రం మూడోసారి వేయిద్దామన్నాడు. "నాలుగైదు తప్పులుంటే దిద్దుకో," అన్నాడు. నేను ఒక్కటీ దిద్దలేదు. గంగమ్మ పేరా కింద రెండు వాక్యాలు మాత్రం చేర్చాను. మొదట గొర్రెలు తాగిన తర్వాత తీసుకున్న తీర్థానికే ఫలమనీ, గొర్రె తాగని పూట కొట్టిన టెంకాయ అమ్మకు చేరదనీ పెద్దలు చెబుతారని రాశాను. పెద్దలు చెబుతారన్నది పూర్తి అబద్ధం కాదు. ఒక పెద్దాయన చెప్పాడు, కొంచెం వేరే మాటల్లో.

నెల తిరక్కుండా అధ్యక్షుడు వచ్చాడు. జనం కాగితం చేత్తో పట్టుకుని, గొర్రెలేవి, గొర్రెలేవి అని అడుగుతున్నారట. టెంకాయలు కొనకుండా తిరిగిపోతున్నారట. "ఇది యాడుందప్పా? ఎవురు చెప్పినారు నీకు?"

"నేను రాసింది కాదన్నా," అన్నాను. "అమ్మ రాయించింది."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగాడు. అమ్మ రాయించలేదంటే ఆయన కమిటీయే ఉండదు మరి.

ఇది జరిగినందువల్ల పోయిన మనిషికి ఒరిగిందేమీ లేదు. ఆ తర్వాత గేటు తెరిచారు, కాని ఆ నీళ్ళలో ఒక్క చుక్క కూడా అతని గొర్రెలు తాగలేదు. అది నాకు తెలుసు, తెలిసే రాస్తున్నాను. అయినా ఒక ఆదివారం నది దాకా పోయి చూశాను, నడిచే పోయాను. తాళం లేదు. బోర్డు పీకేసిన చోట రెండు గుంటలున్నాయి. కంచె చుట్టూ పాతికమంది యాత్రికులు టెంకాయలు ఒళ్ళో పెట్టుకుని ఎండలో కాచుకుని ఉన్నారు. అధ్యక్షుడు ఒడ్డు దాకా వచ్చి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని, అవతలి చేలో మేపుకుంటున్న ముసలాయన తమ్ముడి కూతుర్ని కేకేస్తున్నాడు.

"ఏమ్మా! బిరీన తోలుకోని రామ్మా, జనం కాచుకోనుండారు!"

ఆమె కట్టె మీద గడ్డం ఆనించి నిలబడి ఉంది. "వాటికింకా దప్పిక గాలేదన్నా," అంది తీరిగ్గా. "తోలుకొస్తే మాత్రం తాగుతాయా? దప్పికైతే అవే వస్తాయిలే. అందాక నువ్వు రవంత నీడకు కూర్చో."

నది నడుమ నీడ ఎక్కడుందని ఆయన అడగలేదు. వెనక్కి పోయి టెంకాయల గంప పక్కన ఇసుకలో కూలబడ్డాడు. నేను గట్టు మీద నిలబడి, చెప్పులు విడిచి, ఆ గొర్రెలకు ఇప్పుడిప్పుడే దప్పిక కాకూడదని గంగమ్మకు మొక్కుకున్నాను.